తాడు కొసన తమ్ముడు

నాన్న చనిపోయాడని నా తమ్ముడికి చెప్పింది నేనే. ఫోనులో, ఒకటికి మూడుసార్లు చెప్పాను. బస్టాండులో పద్దెనిమిదేళ్ళుగా మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం నాది. నా మాట అర్థం కాలేదని ఇంతవరకూ ఏ ప్రయాణికుడూ అనలేదు. అలాంటిది సొంత తమ్ముడు మాత్రం, "మంచిదక్కా, చాలా సంతోషం. నేనిక్కడ బాగున్నాను. అందరినీ అడిగానని చెప్పు. ఉంటాను మరి," అని పెట్టేశాడు.

అమ్మ నా మొహంలోకే చూస్తోంది. "ఏమన్నాడే?" అంది. చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఒళ్ళు మండినప్పుడు నాకు నోరు ఆగదు.

ఆ రోజు నుంచి అమ్మ వాడితో మాట్లాడటం మానేసింది. ఫోను ఎత్తడం మాత్రం మానలేదు. వాడు ప్రతి ఆదివారం పదింటికి చేస్తాడు. అమ్మ ఎత్తి చెవికి ఆనించుకుని, పెదవి విప్పకుండా కూర్చుంటుంది. వాడు ఆ దీవి గురించి, చేపల గురించి, వచ్చిపోయే టూరిస్టుల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివర్లో "నాన్నని అడిగానని చెప్పమ్మా" అని పెట్టేస్తాడు. అప్పుడు అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. పద్నాలుగు నెలలు ఇదే వరస. నాన్నకీ వాడికీ పడక వాడు ఇల్లు వదిలి వెళ్ళిన మాట నిజమే. అంతమాత్రాన చచ్చిపోయిన మనిషిని వారం వారం అడుగుతాడా? ఉత్తరం రాద్దామా అంటే అమ్మ కయ్యిమంది. "విని సంతోషం అన్నవాడికి ఉత్తరం కూడానా!"

ఆ వేసవిలో బస్టాండుకు మరమ్మతులని మా గదికి రెండు నెలలు తాళం వేశారు. అమ్మ నా సంచీ తనే సర్దింది. "వెళ్ళి వాడి మొహం మీదే అడిగి రా. పిచ్చో, పొగరో, ఏదో ఒకటి తేలాలి," అంది.

వస్తున్నానని వాడు పనిచేసే గెస్ట్‌హౌసు మేడమ్‌కి ఫోను చేసి చెప్పి, మూడు రోజుల్లో తేల్చేసుకుని వద్దామనే బయల్దేరాను.

ఆ దీవికి లాంచీలో అయిదు గంటల ప్రయాణం. లాంచీ నిండా గాలాలు, ఈత అద్దాలు, గొడుగుల్లాంటి టోపీలు పెట్టుకున్న టూరిస్టులు. అందరూ జంటలు జంటలుగా ఉన్నారు. నా పక్క సీట్లో నా సంచీ కూర్చుంది.

రేవులో చెక్క వంతెన చివర నిలబడి ఉన్నాడు వాడు. ఎండకి నల్లబడి, బక్కచిక్కి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా! నిజంగా వచ్చేశావే! చిక్కిపోయావు. లాంచీలో తల తిరిగిందా? ఇక్కడి గాలికి రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే. నీకు సముద్రం వైపు కిటికీ ఉన్న గది తీసిపెట్టించాను..."

మాట సందు ఇస్తే కదా! వంగి నా సంచీ భుజానికెత్తుకుని ముందు నడిచాడు. నేను వెనక నుంచే అడిగేశాను.

"నాన్నని ఎందుకు అడుగుతున్నావురా ప్రతి ఆదివారం?"

"జాగ్రత్తగా రా అక్కా, ఇక్కడ చెక్కలు జారతాయి," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒకసారి అడిగిందే ఎక్కువ, మళ్ళీ అడిగేది లేదు, వాడే చెప్పాలి అనుకున్నాను. నా పంతాలు ఎప్పుడూ అంతే. ఎదుటివాడికి తెలియకుండానే మొదలవుతాయి.

వాడు పనిచేసే గెస్ట్‌హౌసులో పన్నెండు గదులు, సముద్రం వైపు ఒక పొడుగాటి వరండా. పొద్దుట టూరిస్టులను పడవలో తీసుకెళ్ళి చేపలు పట్టించడం, మధ్యాహ్నం నీళ్ళలో మునిగి అడుగున ఏముందో చూపించడం, సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి దీవి కథలు చెప్పడం. మూడు పనులూ వాడివే. టూరిస్టులు వాడికి కబుర్లాయన అని పేరు పెట్టారు. వాడు గోడకి వీపు ఆనించుకుని, అందరి మొహాలూ కనబడేలా కూర్చుంటాడు. ఎవరు నోరు విప్పినా కళ్ళార్పకుండా ఆ మొహంలోకే చూస్తాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు వాళ్ళు. మనుషుల్ని బుట్టలో వేసుకోవడం బాగా నేర్చాడని నేననుకున్నాను.

మొదటి సాయంత్రం వాడు చెప్పిన కథ ఇది. దీవికి ఉత్తరాన నీళ్ళ అడుగున మెట్లలాంటి బండ ఉంది. ఆ మెట్ల కింద ఒక ముసలాయన ఉంటాడు. పడవల్లోంచి జారిపడిన ఉంగరాలూ, గిన్నెలూ, కళ్ళజోళ్ళూ అన్నీ ఏరి వరసగా పెట్టి, ఒక్కోదానికీ చీటీ కట్టి, సొంతదారు వస్తాడని కాచుకుని కూర్చుంటాడు. "ఆయన కళ్ళజోడుకి ఒక పక్క పుల్ల ఉండదు, దారం కట్టుకుంటాడు," అన్నాడు తమ్ముడు. "పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, అది ఎక్కడుందో అని గదంతా వెతుక్కుంటాడు."

అందరూ నవ్వారు. నేను లేచి వెళ్ళిపోయాను. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ బస్టాండులోనే, పోయిన సామాన్ల గదిలో పనిచేశాడు. ఆ దారం కట్టింది నేనే. పోయిన మనిషిని పదిమందిలో నవ్వులాటకి పెడుతున్నాడు! మర్నాటి లాంచీకే వెళ్ళిపోదామనుకున్నాను.

వెళ్ళేదాన్నే. కానీ పొద్దున్నే తాడు తాత చెక్క వంతెన మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

తాడు తాత అంటే, తమ్ముడు మునిగేటప్పుడు పైన పడవలో తాడు పట్టుకునే మనిషి. ఆ దీవిలో పద్ధతి అది. రెండు బండల మధ్య ప్రవాహం ఈడ్చేస్తుంది కాబట్టి, మునిగేవాడు నడుముకు తాడు కట్టుకుని ముందు తనొక్కడే దిగి చూసి రావాలి. ఆ తర్వాతే టూరిస్టులు. తాడు పట్టేవాళ్ళు లేకపోతే ఆ రోజుకి పడవ కదలదు. ఆ తాడు ఎవరికిబడితే వాళ్ళకి ఇవ్వరు.

తమ్ముడు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, కాస్త తాడు పట్టుకుంటావా? సీజనంతా కలిపి రెండు నెలలే. తాత చెయ్యి అతుక్కునేదాకా," అన్నాడు. చిన్నప్పుడు లెక్కలు చేసిపెట్టమని ఇలాగే నిలబడేవాడు. నాకు కోపం వచ్చినంత తొందరగా 'లేదు' అనడం రాదు.

తాత కట్టు కట్టిన చేత్తోనే నేర్పాడు. "పైనుంచి నువ్వొకసారి లాగితే ఎలా ఉన్నావని అడిగినట్టు. కిందనుంచి ఒకటి వస్తే బాగున్నానని. రెండు వస్తే తాడు వదలమని. మూడు వస్తే ఇంకేమీ ఆలోచించకు తల్లీ, బలం కొద్దీ పైకి లాగెయ్."

"మూడు ఎన్నిసార్లు వచ్చింది తాతా?"

"వీడిదా? ఏడేళ్ళలో ఒక్కసారీ రాలేదు. ఎప్పుడడిగినా ఒకటే. మొండిఘటం."

అలా నేను ఆ దీవిలో ఉండిపోయాను. రోజుకు ఇరవై సార్లు తాడు లాగి ఎలా ఉన్నావని అడిగేదాన్ని. బాగున్నానని ఒకటి వచ్చేది. ఒడ్డుకొచ్చాక మా మధ్య అంతకంటే మాటలుండేవి కావు. వాడు టూరిస్టులతో గలగలా మాట్లాడేవాడు. నేనేమైనా మొదలుపెడితే సగంలో అందుకుని ఇంకెక్కడికో తీసుకుపోయేవాడు. భోజనాల దగ్గర అందరూ ఇద్దరిద్దరుగా కూర్చునేవాళ్ళు. నేను నా కంచం పట్టుకుని వరండా మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడ మైకూ లేదు, నా గొంతు కోసం ఎదురుచూసే మనిషీ లేడు. రోజు మొత్తం మీద నేను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కోసారి ఏమీ తోచక, గదిలో కూర్చుని నాలో నేనే బస్సుల వేళలు చెప్పుకునేదాన్ని.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం పడవలో మేమిద్దరమే ఉన్నాం. వాడు చేపల బుట్ట ఎత్తుకుని నీటి మీదికి తేలాడు. పడవకి కాస్త దూరంగా, నాకు వీపు పెట్టి, బుట్ట దులుపుకుంటున్నాడు. అంతలో పక్క దీవి నుంచి ఒక మోటారు బోటు వాడి మీదికే దూసుకొస్తోంది. అరిచాను. నా బస్టాండు గొంతంతా పెట్టి అరిచాను. ఆ అరుపుకి బోటులో వాళ్ళు తలలు తిప్పారు. వీడు తిప్పలేదు. చేతిలో తాడుందని అప్పుడు గుర్తొచ్చి ఒక్క గుంజు గుంజాను. వెంటనే తిరిగి, చూసి, మునిగాడు. బోటు పక్కకి తిరిగి పోయింది.

వాడు పడవెక్కగానే భుజం పట్టుకుని కుదిపాను. "చెవుల్లో ఏం పెట్టుకున్నావురా!" అన్నాను. వాడు నా మొహం చూసి నవ్వేసి, "గాలి అక్కా, ఎదురుగాలి," అన్నాడు. వెళ్ళి మోటారు దగ్గర, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇంకా స్టార్టు చెయ్యలేదు. సముద్రం నిశ్శబ్దంగా ఉంది.

నేను వాడి వీపు వంక చూస్తూ, బస్టాండు గొంతుతో మెల్లగా అన్నాను. "ప్రయాణికులకు మనవి. పదకొండు గంటల బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చుచున్నది." ఇంట్లో ఎప్పుడలా అన్నా వాడు పడీ పడీ నవ్వేవాడు. ఉలుకూ పలుకూ లేదు. కాస్త గట్టిగా అన్నాను. లేదు.

"నాన్న చనిపోయాడురా," అన్నాను.

వాడు ఏదో కూనిరాగం తీస్తూ తాడు చుట్టుకుంటున్నాడు. చుట్టడం అయ్యాక ఇటు తిరిగి, "ఏంటక్కా, అలా చూస్తున్నావు?" అన్నాడు నవ్వుతూ.

ఒడ్డుకు రాగానే తాత దగ్గరికి పరుగెత్తాను. తాత నీళ్ళు నమిలాడు. తర్వాత, "నీకు తెలిసే వచ్చావనుకున్నానమ్మా," అన్నాడు. మూడేళ్ళ కిందట, జలుబు చేసిందని తెలిసి కూడా మునిగాడట. చెవులు పగిలాయి. మానకముందే మళ్ళీ మునిగాడు. ఇప్పుడు ఏదో హోరు తప్ప మాట వినబడదు. పెదవులు చూసి తెలుసుకుంటాడు. గెస్ట్‌హౌసు మేడమ్‌కి తెలిస్తే పని నుంచి తీసేస్తుందని తాతచేత ఒట్టు వేయించుకున్నాడు. "మనం మాట్లాడుతూ ఉంటే ఎవరూ మనల్ని ఏమీ అడగరు తాతా అంటాడు. అందుకే ఆ కబుర్లన్నీ," అన్నాడు తాత.

నాకప్పుడు లెక్క కుదిరింది. ఫోను జేబులో అదిరితే ఎత్తి, తన ముక్కలు తను చెప్పి పెట్టేస్తాడన్నమాట. మూడేళ్ళుగా మా ఇంట్లో వాడన్న మాటలే కానీ వాడు విన్న మాట ఒక్కటీ లేదు. వాడిని ఎన్ని తిట్టాను! అమ్మచేత ఎన్ని తిట్టించాను!

వెంటనే చెప్పెయ్యాలి. చెప్పలేకపోయాను. మా ఇంట్లో పద్నాలుగు నెలలుగా లేని నాన్న, వాడి దగ్గర బతికే ఉన్నాడు. నేను నోరు విప్పితే చచ్చిపోతాడు. ఒక్కొక్క రోజే దాటేస్తూ వచ్చాను. ఈసారి వరండాలో కూర్చుని కథ చివరిదాకా విన్నాను. వాడు ఆ ముసలాయనని ఎంత ముద్దుగా చెప్తున్నాడో అప్పుడు తెలిసింది. ఒక ఆవిడ అడిగింది. "ఆ తాత ఇంకా ఉన్నాడా?"

వాడు ఆమె పెదవులు చూసి, "ఉండకేం అమ్మా! సొంతదారు వచ్చేదాకా ఆయన ఎక్కడికీ కదలడు," అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. మర్నాడు మధ్యాహ్నం వాడు గదిలో చిరిగిన బుట్ట అల్లుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను.

"నీకు వినబడదని నాకు తెలిసిపోయిందిరా."

వాడి నవ్వు ఆరిపోయింది. "అమ్మకి చెప్పకక్కా. నాన్నకి అసలు చెప్పకు. ఆ పని చేస్తే చెవులు పోతాయిరా అని ముందే అన్నాడు. ఇప్పుడు ఏ మొహంతో..."

"నాన్న లేడురా. చనిపోయాడు."

వాడు నా పెదవుల వంకే చూస్తున్నాడు, ఇంకేదైనా వస్తుందేమోనని.

"ఎప్పుడు?"

"పోయిన ఏడాది. పద్నాలుగు నెలలు దాటింది."

"ఒక్క ఫోను చేసుంటే నేను రానా అక్కా? ఒక్క ఫోను..." ఆగిపోయాడు. చేతిలో దారం అలాగే ఉండిపోయింది. "చేశావు కదూ?"

తలూపాను.

"నేనేమన్నాను?"

బస్సు ఆలస్యమైతే ఆలస్యమని, రద్దయితే రద్దని, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఉద్యోగం నాది. "ఏమీ అనలేదురా. ఏడ్చావు," అన్నాను.

"అలాగా," అన్నాడు. తల దించుకుని బుట్ట అల్లడం పూర్తి చేశాడు. ఆ సాయంత్రం వరండాలో కథ లేదు. కబుర్లాయనకి ఒంట్లో బాగాలేదని టూరిస్టులకు నేనే చెప్పాను.

పొద్దున్నే వాడు మామూలుగా పడవ తీశాడు. ఎవరినీ ఎక్కించుకోలేదు. ఉత్తరపు బండ దగ్గర ఆపి, నడుముకి తాడు కట్టుకుని, నా వంక చూడకుండా మునిగాడు. నేను లెక్కపెడుతున్నాను. యాభై. డెబ్బై. ఒకసారి లాగాను. జవాబు లేదు. మామూలుగా వందలోపే వచ్చేస్తాడు. ఎనభై అయింది. వంద దాటింది. మళ్ళీ లాగాను. ఒరే, బాగున్నానని ఒక్కటి లాగరా, అబద్ధమైనా సరే, అని పైకే అనేశాను.

తాడు కదిలింది. ఒకటి. ఊపిరి పీల్చుకున్నాను. రెండు. సరే, వదులుతాను అనుకున్నాను.

మూడు.

బలం కొద్దీ లాగాను. అరచేతులు ఒరుసుకుపోయి మండుతున్నా లాగాను. వాడు పైకి వచ్చి పడవ అంచు పట్టుకుని వేలాడుతూ ఎగశ్వాస పీల్చాడు. చేతులు పట్టుకుని పడవలోకి లాగి, గాయమేమైనా తగిలిందేమోనని ఒళ్ళంతా తడిమాను. ఏమీ లేదు. నా చేతులు పక్కకి తోసి నా మొహంలోకి చూశాడు.

"ఫోనులో నేను ఏడవలేదు కదక్కా?"

"లేదు."

"ఏమన్నాను?"

"మంచిదక్కా, చాలా సంతోషం అన్నావు."

కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, లేచి నాకెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఆ రోజు ఎలా చెప్పావో అలాగే మొదట్నించీ చెప్పు."

చెప్పాను. ఒరే, నేను అక్కని. నాన్నకి రెండు రోజులుగా ఆయాసంగా ఉందిరా. ఇవాళ పొద్దున కుర్చీలో కూర్చునే ఉన్నాడు, అమ్మ మంచినీళ్ళు తెచ్చేలోపు పోయాడు. నువ్వు వెంటనే బయల్దేరు. నీకోసం ఆపుతాం. ఆ రోజు చెప్పనిది కూడా చెప్పాను. నువ్వు వెళ్ళిపోయిన రోజు బస్సులో మర్చిపోయిన గొడుగు తిరిగి నాన్న గదికే చేరిందిరా. ఆరు నెలలు దాటిన సామాను తీసేస్తారు కదా, దాన్ని మాత్రం ఆయన తియ్యనివ్వలేదు. చీటీ కట్టి, ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టుకున్నాడు. చీటీ మీద నీ పేరు రాయలేదు. సొంతదారు వస్తాడు అని రాశాడు.

వాడు చివరి మాట దాకా నా పెదవులు చూశాడు. ఆ తర్వాత పడవ అడుగున ముడుచుకుని పడుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తాడు ఇంకా వాడి నడుముకే ఉంది. రెండో కొస నేను వదల్లేదు.

సీజను అయిపోయాక ఇద్దరం కలిసే వచ్చాం. మా బస్టాండు కొత్త రంగులేసుకుని మెరిసిపోతోంది. మైకులో ఎవరో అమ్మాయి గొంతు, తడబాటు లేకుండా బస్సుల వేళలు చెప్తోంది. మనిషి కాదు, రికార్డు మిషను. నాకెవరూ ముందు చెప్పలేదు. తమ్ముడు మైకు వంక చూసి, "నువ్విక్కడున్నావు, మరి వేళలు ఎవరు చెప్తారక్కా?" అన్నాడు. "ఎవరో ఒకరు చెప్తార్లే, పద," అన్నాను.

అమ్మకి నేను ఫోనులో ముందే అంతా చెప్పాను. మేము వీధి మలుపు తిరిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. ఎదురింటావిడ బయటికొచ్చి మూతి తిప్పుకుంటూ, "వచ్చాడా మీ పొగరుబోతు?" అంది.

"పొగరు కాదు!" అంది అమ్మ, వీధి వీధంతా వినబడేలా. "నా కొడుక్కి చెవుడు! వినబడక రాలేదు! రెండు చెవులూ పోయాయి వాడికి, తెలిసిందా?"

కొడుక్కి ఫస్టు క్లాసు వచ్చినట్టు చెప్పింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

లోపలికొచ్చాక వాడు గొడుగు తీసుకుని, చీటీ విప్పకుండా గోడకి తగిలించాడు. అమ్మ నాన్న కుర్చీ లాక్కొచ్చి వాడికి ఎదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది. మూడేళ్ళుగా తను చెప్పినా వాడు విననివీ, అసలు చెప్పకుండా దాచుకున్నవీ, అన్నీ మొదటి ఆదివారం నుంచి వరసగా చెప్పడం మొదలుపెట్టింది.